సీబీఎస్‌ఈ 11వ తరగతి: కంప్యూటర్ సైన్స్ (083) తీసుకోవాలా, ఐపీ (065) సరిపోతుందా?

ఎంపీసీ పేరెంట్, హైదరాబాద్
మా అమ్మాయి సీబీఎస్‌ఈలో పదో తరగతి అయిపోయింది. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లిష్ ఖాయం. ఐదో సబ్జెక్టుకి స్కూల్లో కంప్యూటర్ సైన్స్ (సీఎస్), ఇన్ఫర్మాటిక్స్ ప్రాక్టీసెస్ (ఐపీ) రెండూ ఉన్నాయి. జేఈఈ, ఎప్‌సెట్ రాస్తుంది, బీటెక్ సీఎస్‌ఈ చేయాలని ఉంది. కోడింగ్ అసలు రాదు. ఐపీ తేలిక అంటున్నారు, నిజమేనా?

పైథాన్ పంతులు
రెండింటికీ థియరీ 70, ప్రాక్టికల్ 30. రెండూ కలిపి తీసుకోనివ్వరు, ఏదో ఒకటే. తేడా అంతా లోపలి సరుకులో ఉంది.

12లో సీఎస్ థియరీలో 40 మార్కులు ప్రోగ్రామింగ్‌వే: ఫంక్షన్లు, ఎక్సెప్షన్లు, టెక్స్ట్, బైనరీ, సీఎస్‌వీ ఫైళ్లు, స్టాక్. డేటాబేస్‌కి 20, నెట్‌వర్క్స్‌కి 10. ఐపీలో పాండాస్ (పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో టేబుల్ డేటాతో పనిచేసే టూల్), గ్రాఫులకు 25, ఎస్‌క్యూఎల్‌కి (డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష) 25, మిగతా 20 నెట్‌వర్క్స్‌కీ సామాజిక ప్రభావాలకీ.

ఐపీలో సొంతంగా లాజిక్ కట్టే పని తక్కువ, అందుకే తేలిక అన్న పేరు. కానీ పాండాస్‌లోని సిరీస్, డేటాఫ్రేమ్ కమాండ్లు చాలావరకు గుర్తుపెట్టుకోవాలి. లూప్ రాయడం అలవాటైన పిల్లలకి సీఎస్ పేపరే హాయి. బీటెక్ సీఎస్‌ఈ అనుకుంటే సీఎస్ తీసుకోండి. కోడింగ్ రాకపోయినా ఫర్వాలేదండి, 11లో పైథాన్ మొదటి నుంచే మొదలవుతుంది. అయితే 11లో లిస్టులు, డిక్షనరీలు సరిగ్గా పట్టుబడకపోతే 12లో ఫైళ్ల చాప్టర్ దగ్గర ఆగిపోతారు. కామర్స్ పిల్లలకైతే నేను ఐపీయే చెబుతాను.

ర్యాంకు లెక్కలు
జేఈఈ, ఎప్‌సెట్‌లలో ఈ సబ్జెక్టు నుంచి ఒక్క ప్రశ్నా రాదు. ఎప్‌సెట్ ఇంజినీరింగ్ పేపర్ 160 ప్రశ్నలు: మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అయినా ఐదో సబ్జెక్టుని తేలిగ్గా తీసుకోకండి. ఎన్‌ఐటీ, ఐఐటీ ప్రవేశానికి చూసే 75 శాతంలో (లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో) ఈ మార్కులూ కలుస్తాయి. కెమిస్ట్రీలో తగ్గింది ఇక్కడ పూడుతుంది. వారానికి మూడు గంటలు పెడితే చాలు, కానీ ఆ మూడు గంటలూ కీబోర్డు మీదే. నోట్సులో ప్రోగ్రామ్ కాపీ చేసుకోవడం చదువు కిందికి రాదు.

ఎంపీసీ పేరెంట్, హైదరాబాద్
థ్యాంక్స్ అండి. ఇంట్లో 4 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్ ఉంది. కొత్తది కొనాలా?

ల్యాబ్ ఇన్‌చార్జ్
అక్కర్లేదండి. పైథాన్‌తో వచ్చే ఐడిల్ (కోడ్ రాసి నడిపే విండో), డేటాబేస్ కోసం మైఎస్‌క్యూఎల్ కమ్యూనిటీ ఎడిషన్ చాలు, రెండూ ఉచితమే. విండోస్‌లో పైథాన్ ఎక్కించేటప్పుడు పాత్‌కి కలిపే (Add python.exe to PATH) టిక్కు పెట్టండి. లేకపోతే తర్వాత అదనపు మాడ్యూళ్లు ఎక్కించే పిప్ కమాండ్ దొరకదు, పైథాన్‌ని డేటాబేస్‌తో కలిపే మైఎస్‌క్యూఎల్ కనెక్టర్ ఎక్కదు. మైఎస్‌క్యూఎల్ ఎక్కించేటప్పుడు పెట్టే రూట్ (ప్రధాన యూజర్) పాస్‌వర్డ్ అప్పుడే కాగితం మీద రాసుకోండి.

12లో సీఎస్ ప్రాక్టికల్ 30 ఇలా విడిపోతుంది: ల్యాబ్ టెస్ట్ 12, రికార్డు 7, ప్రాజెక్టు 8, వైవా 3. రికార్డులో కనీసం 15 పైథాన్ ప్రోగ్రాములు, 5 సెట్ల ఎస్‌క్యూఎల్ క్వెరీలు, పైథాన్‌ని ఎస్‌క్యూఎల్‌తో కలిపే ప్రోగ్రాములు 4 ఉండాలి.

పిల్లలు ఎక్కువగా ఇరుక్కునే చోట్లు:

ప్రోగ్రామ్‌ని సీఎస్‌వీ అనో పికిల్ అనో పైథాన్ మాడ్యూల్ పేరుతోనే సేవ్ చేస్తారు. ఇంపోర్ట్ చేస్తే పైథాన్ అసలు మాడ్యూల్‌ని వదిలేసి వాళ్ల ఫైల్‌నే తెరుస్తుంది. అర్థంకాని ఎర్రర్ చూసి మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తుంటారు!

సీఎస్‌వీ ఫైల్ రాసేటప్పుడు ఓపెన్‌లో న్యూలైన్‌కి ఖాళీ కోట్స్ (newline='') ఇవ్వకపోతే విండోస్‌లో వరస విడిచి వరస ఖాళీగా వస్తుంది.

పైథాన్ నుంచి టేబుల్‌లోకి ఇన్సర్ట్ చేశాక కమిట్ (మార్పుని ఖాయం చేసే కమాండ్) మర్చిపోతారు. ఎర్రర్ రాదు, టేబుల్‌లో మాత్రం ఏమీ ఉండదు.

బైనరీ ఫైల్‌ని లూప్‌లో చదువుతూ ట్రై, ఎక్సెప్ట్ పెట్టకపోతే చివరి రికార్డు దాటగానే ఈఓఎఫ్ (ఫైల్ అయిపోయింది అనే) ఎర్రర్‌తో ఆగిపోతుంది.

పైథాన్ పంతులు
ఇంకో మాట. అడ్మిషన్‌కి ముందు ల్యాబ్ చూడండి, వారానికి ఎన్ని ప్రాక్టికల్ పీరియడ్లో అడగండి. సీఎస్ టీచర్ లేని స్కూల్లో సీఎస్ తీసుకోవడం కంటే మంచి టీచర్ ఉన్న చోట ఐపీ నయం. 11లో బోర్డు రిజిస్ట్రేషన్ అయ్యాక సబ్జెక్టు మార్చుకోవడం కష్టం కాబట్టి ఈ విచారణ ఇప్పుడే చేయాలి.