లండన్‌లో అమరావతి రాళ్ళు: మా అత్తయ్యకు ఎలా చూపించాలి?

ప్రశ్న (దిల్‌సుఖ్‌నగర్ నుంచి)

నమస్కారమండీ. వచ్చే నెల ఇల్ఫర్డ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. అత్తయ్య కూడా వస్తున్నారు, 74 ఏళ్ళు. ఆవిడ పుట్టిల్లు అమరావతి పక్క పల్లె. చిన్నప్పుడు దీపాలదిన్నె (అక్కడి పాత బౌద్ధ స్తూపం దిబ్బ) దగ్గర ఆడుకున్నామని ఇప్పటికీ చెబుతారు. "అక్కడి రాళ్ళు లండన్‌లో ఉన్నాయటగా, ఒక్కసారి చూపించమ్మా" అని అడిగారు.

బ్రిటిష్ మ్యూజియం చాలా పెద్దదంటున్నారు. ఆవిడకేమో మోకాళ్ళ నొప్పి. మొన్న సాలార్‌జంగ్‌కి తీసుకెళ్తే రెండు గదులు చూసి, గడియారం ముందు కూర్చుండిపోయారు. టికెట్ ఎంత? ఆ రాళ్ళు ఎక్కడున్నాయి? ఇంకేమీ చూడకపోయినా మాకు ఫరవాలేదు.

జవాబు 1 (నల్లకుంట నుంచి)

అక్కడ చదువుకున్న రెండేళ్ళలో ఆ గదికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదండీ. నంబరు 33ఏ. చైనా, దక్షిణాసియా వస్తువులుండే పెద్ద గది 33కి చివర్లో ఉంటుంది. ప్రవేశం ఉచితం. వెబ్‌సైట్‌లో ముందే టైమ్ బుక్ చేసుకోండి, ఆ రోజు 33ఏ తెరిచి ఉందో లేదో కూడా చూసుకోండి. అంత దూరం వెళ్ళాక మూసి ఉంటే పెద్దావిడ మనసు కష్టపడుతుంది.

ఇల్ఫర్డ్‌లో ఎలిజబెత్ లైన్ రైలు ఎక్కితే నేరుగా మ్యూజియం దగ్గరి టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషన్‌లో దిగొచ్చు. రెండు చోట్లా లిఫ్టు ఉంది. మ్యూజియం ముందు మెట్లు చూసి టెన్షన్ పడకండి, పక్కనే లిఫ్టు ఉంది. వీల్‌చైర్ కూడా అడిగితే ఇస్తారు.

రొసెట్టా రాయి, మమ్మీలు అంటూ అందరూ అటు లాగుతారు. ఆవిడ ఓపికంతా అక్కడే అయిపోతుంది, ముందు 33ఏకి వెళ్ళండి. శుక్రవారం రాత్రి 8.30 దాకా తెరిచి ఉంటుంది.

ఒక పలకను మాత్రం తప్పకుండా చూపించండి. ఒకవైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, దండం పెడుతున్న జనం. బుద్ధుడు మనిషి రూపంలో కనిపించడు. సుమారు మూడు వందల ఏళ్ళ తర్వాత అదే రాయిని తిప్పి, వెనకవైపు స్తూపాన్నే చెక్కారు. గుమ్మటం, చుట్టూ ప్రాకారం, గుమ్మం దగ్గర సింహాలు. దీపాలదిన్నె ఒకప్పుడు ఎలా ఉండేదో ఆవిడకు అందులో కనిపిస్తుంది. మొదటిసారి దాని ముందు నిలబడినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

జవాబు 2 (తార్నాక నుంచి, రిటైర్డ్ హిస్టరీ మాస్టారిని)

అక్కడికెలా చేరాయని అడిగితే ఇలా చెప్పమ్మా. 1816లో బ్రిటిష్ సర్వేయరు మెకంజీ వచ్చి బొమ్మలు గీయించే నాటికే చాలా పలకలు కట్టడాల్లో కలిసిపోయాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి. 1859లో లండన్‌కు పంపారు, 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. మద్రాసులో మిగిలినవి ఎగ్మూరు మ్యూజియంలో చూడొచ్చు. ఈ రాళ్ళకు పాలరాయి అని పేరు గానీ, నిజానికి పలనాటి సున్నపురాయి. అవి మన నేలకు తిరిగి రావాలన్నది నా కోరిక. అది వేరే మాటలే. ఆవిడ మాత్రం ఈలోపే చూడాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. అత్తయ్యకు మొత్తం చదివి వినిపించాను. పలనాటి రాయి అనగానే "మా ఇంటి అరుగూ ఆ రాయే" అన్నారు. శుక్రవారం సాయంత్రానికి బుక్ చేశాను. ఆ రెండువైపుల పలక దగ్గర ఆవిడకు ఫొటో తీస్తాను.