కారు ‘స్టాన్స్’ని తెలుగులో ఏమందాం?

పోస్టు:
1940ల, 50ల నాటి అమెరికన్ కస్టమ్ కార్ల (అందం కోసం ఒళ్ళు మార్చి కట్టిన బళ్ళు) మీద వ్యాసం రాస్తూ ‘స్టాన్స్’ దగ్గర ఆగిపోయాను. కారు నేలకి ఎంత ఎత్తులో ఉంది, ముందుకి ఒరిగిందా వెనక్కి ఒరిగిందా, చక్రం ఫెండర్‌లోకి ఎంత దూరింది, ఇవన్నీ కలిసి చూడగానే కంటికి తగిలేదాన్నే స్టాన్స్ అంటారు. ‘భంగిమ’ అని రాసి కొట్టేశాను. భంగిమ కాసేపు పెట్టి తీసేసేది. ఇది బండి ఒంటి తీరు. మీకేం తోస్తోంది?

వ్యాఖ్య:
‘వాలకం’ సరిపోదూ? మనిషి నిలబడే తీరు, చూపు, నడక అన్నీ అందులోకి వస్తాయి.

వ్యాఖ్య:
వాలకంలో వెటకారం ఉంటుందండీ. మెచ్చుకుంటూ ఎవరూ ఆ మాట అనరు. ‘ఠీవి’ అనండి, హాయిగా ఉంటుంది.

పోస్టు పెట్టినవారు:
ఠీవి అనగానే తలెత్తుకుని నిలబడ్డ రూపం గుర్తొస్తుంది. ఈ కార్ల అందం దానికి తలకిందులు. హాట్ రాడ్ వేగం కోసం కట్టింది కాబట్టి దాని ముక్కు కిందకి, వెనక భాగం పైకి ఉంటుంది. ఆనాటి కస్టమ్‌కి వెనక భాగమే నేలకి దిగాలి. ఇరుసుకీ కమాన్ పట్టీలకీ మధ్య దిమ్మలు పెట్టి దించేవారు. వెనక చక్రాన్ని సగం కప్పేస్తూ స్కర్టు బిగించేవారు. శాక్రమెంటోలో హ్యారీ వెస్టర్‌గార్డ్ ఫోర్డుల ముందు ప్యాకార్డ్ కారు గ్రిల్ పెట్టడంలో చెయ్యి తిరిగినవాడు. తర్వాత లాస్ ఏంజిలస్‌లో పేరు మోసిన జార్జ్ బారిస్ కుర్రతనంలో పని నేర్చుకున్నది ఆయన దగ్గరే.

నాకు బాగా నచ్చింది మాత్రం బాబ్ హిరోహటా అనే ఆయన చేయించుకున్న 1951 మెర్క్యురీ కారు. బారిస్ అన్నదమ్ముల షాపులో 1952లో తయారైంది. స్తంభాలు కోసి టాప్‌ని ముందు 4 అంగుళాలు, వెనక 7 అంగుళాలు దించారు. దీన్నే ‘చాప్’ అంటారు. ఆ మూడు అంగుళాల తేడాలోనే ఉంది కిటుకు. పైకప్పు గీత వెనక్కి పోతూ పోతూ డిక్కీలోకి జారిపోతుంది. తలుపు పక్క స్తంభం తీసేసి, కిటికీ చట్రాన్ని వంపు తిప్పారు. పక్కన బ్యూయిక్ నుంచి తెచ్చిన క్రోమ్ పట్టీ ఉంటుంది. దానికి పైన లేత ఆకుపచ్చ, కింద ముదురు ఆకుపచ్చ. ఆగి ఉన్న బండే జారుతున్నట్టుంటుంది. ఇప్పటి పుట్టీ అప్పుడు లేదు, అతుకులన్నీ కరిగించిన సీసంతో పూడ్చేవారు. లెడ్ అంటే సీసమే, ‘లెడ్ స్లెడ్’ అనే పేరు అందుకే వచ్చింది.

వ్యాఖ్య:
మాది బాడీ బిల్డింగ్ షెడ్డు. పట్టీలు అలిసిపోతే ‘బండి వెనక కూర్చుంది’ అంటాం. మీరు చెప్పేది అదే కదా? మా దగ్గర అది కంప్లయింటు, వాళ్ళకి డబ్బులిచ్చి చేయించుకునే సోకు!

పోస్టు పెట్టినవారు:
భలే మాట చెప్పారు. క్రియకి ‘కూర్చోవడం’ ఖాయం చేసేశాను. ‘నేలబారు’ మీద కూడా ఆశ పడ్డాను గానీ, ఆ మాట ఎప్పుడో తక్కువ రకానికి పోయింది. దాన్ని వెనక్కి లాగడం నా వల్ల కాదు.

వ్యాఖ్య:
‘పొంకం’ ఉండగా వెతుకులాట ఎందుకండీ? ఏది ఎంతలో ఉండాలో అంతలో అమరితే పొంకం. హాట్ రాడ్‌కి దాని ప్రాస జోడీ ‘బింకం’ ఇచ్చేయండి, ఎవరిది వాళ్ళకి సరిపోతుంది.

పోస్టు పెట్టినవారు:
బింకం అదిరింది! పొంకం కూడా ఒప్పుకుంటున్నాను, ఒక్క మాటతో. ఎయిర్ సస్పెన్షన్ పెట్టి మీట నొక్కగానే పొట్ట నేలకి ఆనించే ఇప్పటి బళ్ళని చూస్తే ఎత్తు తగ్గడమొకటి, పొంకం కుదరడమొకటి అనిపిస్తుంది. టాప్, కిటికీ, ఫెండర్ గీతలు ఒకదాని మాట ఒకటి వినకపోతే ఎంత దించినా అది పట్టీలు పోయిన బండే.

వ్యాఖ్య:
మరి ‘చాప్’ని ఏమంటారు? ‘టాప్ కోత’ అంటే కరెంటు కోతలా ఉంది.

పోస్టు పెట్టినవారు:
చాప్ అనే ఉంచేస్తాను లెండి. కోసినవాళ్ళ మాట వాళ్ళకే వదిలేద్దాం.