అప్‌డేట్: 1932 ఫోర్డ్ ఎట్టకేలకు నాలుగు చక్రాల మీద నిలబడింది

పోయిన నెల అడిగాను కదా, 1/25 స్కేల్ (అసలు కారులో 25వ వంతు సైజు) ప్లాస్టిక్ మోడల్ కిట్‌లోని 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ బాడీని కాస్త పెద్దదైన 1/24 కిట్ ఛాసిస్ (కింది ఫ్రేమ్) మీద కూర్చోబెట్టొచ్చా అని. "నాలుగు శాతమే కదా తేడా, సర్దుకుంటుంది" అన్నవాళ్లే ఎక్కువ. సర్దుకోలేదండీ.

అసలు కారు వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 106 అంగుళాలు. 1/25లో అది దాదాపు 107.7 మి.మీ., 1/24లో 112.2. ముందు చక్రాలు సరిగ్గా పెడితే వెనకవి ఫెండర్‌కు రాసుకున్నాయి. సన్నపళ్ల రంపంతో ఫ్రేమ్‌ను రెండు పక్కలా నాలుగున్నర మిల్లీమీటర్లు కోసేసి, లోపల ప్లాస్టిక్ పట్టీ అతికించి, బట్టల క్లిప్పులు బిగించి పడుకున్నా. పొద్దున చూస్తే ఎడమవైపు కొద్దిగా పైకి లేచి ఉంది! మూడు చక్రాలే నేలకు ఆనాయి. మళ్లీ విరగ్గొట్టి, ఈసారి గాజుపలక మీద పెట్టి అతికించా.

ఫ్లాట్‌హెడ్ వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ మాత్రం 1/24ది పెడితే బానెట్ మూతపడలేదు. అదృష్టం, పాత విడిభాగాల డబ్బాలో 1/25ది దొరికింది. ఫోర్డ్ మొదటి వి8 వచ్చింది 1932లోనే, ఇంజిన్ లేకుండా బానెట్ మూసేయడానికి మనసొప్పలేదు.

చక్రాలు 1/24వే ఉంచేశా, కంటికి తేడా తెలియడం లేదు. ఇక ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొట్టాలి, వాన తగ్గితే.