వాద్యకారులు పోయాక వాద్యాల సంగతి: ఇంట్లోవాళ్లకి ఏం రాసిపెట్టాలి?

సరళి_జంట: పాత వయొలిన్ ఒకటి, దానికి రెండు కమాన్లు (తీగల మీద లాగే వెంట్రుకల కర్రలు), ఏకాండ వీణ (ఒకే మానులోంచి తొలిచింది), రోజ్‌వుడ్ గిటారు. ఇంట్లో ఇంకెవరూ వాయించరు. వీలునామాలో "నా వాద్యాలన్నీ ఫలానావారికి" అని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుందా?

బిరడా: సరిపోదండీ. కమాను వయొలిన్‌లో భాగమా, విడి వస్తువా? గొడవ అక్కడే మొదలవుతుంది. పేరున్న పనివాడు చేసిన కమాను ఖరీదు కొన్నిసార్లు వయొలిన్‌నే మించిపోతుంది, తెలియనివాళ్ల కంటికి మాత్రం అదొక పుల్ల. జ్ఞాపకంగా ఉంచుకుంటామని ఎవరో ఒకరు పట్టుకెళ్లిపోయేదీ అదే.

ఒక్కో వస్తువుకి విడిగా పద్దు రాయండి. వయొలిన్‌కి వెనక చెక్క పొడవు మిల్లీమీటర్లలో (మెడ కిందికి పొడుచుకొచ్చిన చిన్న బొత్తాం భాగం వదిలేసి కొలవాలి, పూర్తి సైజుకి 355 దరిదాపుల్లో ఉంటుంది), లోపలి లేబుల్ మీది అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు, పాత అతుకులు ఎక్కడున్నాయి. ఫొటోలు ముందు, వెనక, రెండు పక్కలు, తల. కమానుకైతే పట్టుకునే చోటికి కాస్త పైన కర్ర మీద ముద్ర ఉంటుంది, దాన్ని దగ్గరగా తీయండి. బరువు గ్రాముల్లో రాయండి. గిటారు నంబరు కొన్నిటికి బోలు లోపలి లేబుల్ మీద, కొన్నిటికి తల వెనక ఉంటుంది.

వీలునామాలో గుర్తుపట్టడానికి సరిపడా ఉంటే చాలు. మిగతాదంతా విడి కాగితం మీద పెట్టండి. తీగలు మార్చినప్పుడల్లా వీలునామా మార్చలేం కదా.

పాత_పద్దు: ఇంకొకటి. గురువుగారిదో, ఏదైనా సంస్థదో వాడుకోవడానికి తెచ్చుకున్న వాద్యం ఉంటే దాని మీద పెద్దక్షరాలతో "ఇది నాది కాదు, ఫలానావారికి తిరిగివ్వాలి" అని రాయండి. వారసులు తెలియక అమ్మేస్తే వెనక్కి రప్పించడం నరకం.

సరళి_జంట: వయొలిన్ లోపల "స్ట్రాడివేరియస్" అని లేబుల్ ఉంది. అదీ రాయాలా?

బిరడా: రాయండి, కానీ పక్కనే "ఇది రుజువు కాదు" అని కూడా రాయండి. స్ట్రాడివరి అంటే ఇటలీలో పేరుమోసిన వయొలిన్ తయారీదారు, 1737లోనే పోయాడు. ఆయన పేరుతో లేబుల్ అతికించిన ఫ్యాక్టరీ వయొలిన్లకి లెక్కే లేదు. లేబుల్ మీద దేశం పేరు ఇంగ్లీషులో అచ్చయి ఉంటే అది 1891 తర్వాతిదే అనుకోవచ్చు, అమెరికా దిగుమతి చట్టం అప్పటినుంచే దేశం పేరు వేయమంది. విలువ తేల్చేది లేబుల్ కాదు, నమ్మకమున్న నిపుణుడు ఫొటోలతో ఇచ్చిన సర్టిఫికెట్. దాని అసలు కాగితం పోతే ధర పడిపోతుంది. చెక్క వలయాలు లెక్కపెట్టే పరీక్ష కూడా ఉంది. పైచెక్కలో కనిపించే చివరి వలయం ఏ ఏటిదో అది చెబుతుంది. అంటే ఫలానా ఏడాది కంటే ముందు తయారైంది కాదని తేల్చగలదు, ఎవరు చేశారో మాత్రం చెప్పలేదు.

మైనం_మెట్లు: కాగితాల సంగతి అయింది, ఇక మొదటి నెల గురించి. వాద్యాలు ఎక్కువగా పాడయ్యేది అప్పుడే, అదీ శుభ్రం చేద్దామన్న మంచి ఉద్దేశంతోనే. మీ కాగితంలో మొదటి వాక్యం "తుడవకండి, అతికించకండి, తీగలు విప్పకండి" అని ఉండాలి.

తీగలు ఎందుకంటే, వయొలిన్ లోపల నిలబెట్టిన చిన్న కర్ర, సౌండ్ పోస్ట్, జిగురుతో అతికించింది కాదు. పైచెక్కకీ కిందిచెక్కకీ మధ్య ఒత్తిడి మీద నిలబడుతుంది. నాలుగు తీగలూ ఒక్కసారి వదులు చేస్తే బ్రిడ్జి (తీగల్ని పైకెత్తి పట్టే చిన్న చెక్క) పడిపోతుంది, కర్ర ఒరిగిపోతుంది. కదిపితే లోపల ఏదో దొర్లిన చప్పుడు వస్తే అదే. ఆ స్థితిలో మళ్లీ తీగలు బిగిస్తే పైచెక్క కుంగుతుంది, చీలుతుంది కూడా. కమానుకి లెక్క తిరగబడుతుంది: వెంట్రుకలు వదులు చేసే ఉంచాలి, లేకపోతే కర్ర వంపు పోతుంది.

అంచు దగ్గర అతుకు విచ్చుకుందని తెల్ల జిగురు పోస్తారు చూడండి, అంతకంటే ఘోరం లేదు. ఆ అతుకు విచ్చుకోవడానికే చేసింది. గాలి ఎండిపోయి చెక్క ముడుచుకున్నప్పుడు పలక పగలకుండా తోలు జిగురు ముందు వదిలేస్తుంది. పనివాడు మళ్లీ అదే జిగురు వేడిచేసి పెడితే అయిపోతుంది. తెల్ల జిగురు ఉంటే ముందు దాన్ని గోకాలి, దాంతోపాటు చెక్కా లేస్తుంది. గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంచితే ఈ బాధ చాలావరకు ఉండదు.

స్పిరిట్, శానిటైజర్ వార్నిష్‌ని కరిగిస్తాయి. పొడి మెత్తటి గుడ్డ చాలు.

నెలల తరబడి తెరవని పెట్టెలో కమాను వెంట్రుకలు తెగి వేలాడుతుంటే పురుగు పట్టినట్టు. పెట్టె ఖాళీ చేసి వ్యాక్యూమ్‌తో మూలమూలలా లాగి, వెలుతురులో తెరిచిపెట్టండి.

వీణకి శత్రువు వేడి. మెట్లు (తీగల కింద వరసగా ఉండే లోహపు పట్టీలు) కూర్చేది మైనంలో. మైనం కరిగేది 62 డిగ్రీల దగ్గరే అయినా మెత్తబడటం అంతకంటే చాలా ముందే మొదలవుతుంది. ఎండలో మూసిన కారులో గంట ఉంచితే మెట్లు పక్కకి ఒరిగి మేళం (స్వరాలకి తగ్గ మెట్ల అమరిక) పోతుంది. మళ్లీ మేళం కట్టించుకోవచ్చు, వీణకేం కాలేదు. అది తెలియని వారసులు "పాడైపోయింది" అని చౌకగా వదిలేస్తారు. ఏకాండం అని కాగితంలో తప్పక రాయండి, కుండ (గుండ్రటి బోలు భాగం), దండి (పొడవాటి మెడ) ఒకే మానులోంచి తొలిచినవని కొనేవాడు తనంతట తాను చెప్పడు.

పాత_పద్దు: అమ్మకం సంగతికొస్తే, ఒకే వాద్యానికి కనీసం మూడు ధరలుంటాయి. బీమా కాగితంలోది అలాంటిదే మళ్లీ దుకాణంలో కొనాలంటే అయ్యే ధర, అన్నిటికంటే పెద్దది. వేలంలో పలికేది వేరు. కమిషన్ పోగా చేతికొచ్చేది వేరు. వారసులు మొదటి అంకె చూసి పంచుకుంటారు, మూడోది చూసి కొట్టుకుంటారు. మీ కాగితంలో ఆ అంకె ఏ రకందో, ఏ ఏడాదిదో రాయండి.

విలువ అంచనా వేసినవాడికే వాద్యం అమ్మకండి. దుకాణంలో అమ్మకానికి పెడితే రాతపూర్వకంగా అడగాల్సినవి: అమ్ముడయ్యేదాకా యాజమాన్యం మనదే అన్న మాట, కమిషన్ శాతం, కనీస ధర, గడువు, అక్కడున్నంతకాలం బీమా ఎవరిది, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు. మొదటిది లేకపోతే ఆ దుకాణం దివాలా తీసినరోజు మీ వాద్యం అప్పులవాళ్ల జాబితాలో తేలుతుంది.

బీమా పోయినవారి పేరు మీద ఉంటుంది కాబట్టి కంపెనీకి వెంటనే చెప్పాలి. ఖాళీ ఇంట్లో వాద్యం ఉంటే వర్తించదని షరతు ఉందేమో కూడా చూడాలి.

ఒక్క వయొలిన్ ఇద్దరు పిల్లల పేర రాయకండి. దయచేసి.

దంతపు_మొన: రోజ్‌వుడ్ అన్నారు. ఏ రోజ్‌వుడ్? బ్రెజిల్‌దైతే 1992 నుంచి సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, అనుమతి లేకుండా దేశం దాటించలేరు. మిగతా రోజ్‌వుడ్ రకాలతో చేసిన వాద్యాలకి 2019లో సడలింపు వచ్చింది. కమాను మొన, వీణ మీది తెల్ల నగిషీ దంతమా, ఎముకా, ప్లాస్టిక్కా అన్నదీ తేల్చి రాయండి. కొన్న రసీదు పాతదైనా పారేయకండి. వారసుడు వేరే దేశంలో ఉంటే దీన్ని బతికుండగానే తేల్చుకోవడం మేలు, చాలాచోట్ల అమ్మకానికి కూడా అడ్డంకులున్నాయి.

సరళి_జంట: మ్యూజియంకి ఇస్తేనో?

బిరడా: ముందే అడిగి రాతలో ఒప్పించుకోండి, చాలావరకు తీసుకోరు. తీసుకున్నా వాయించడమా, దాచడమా అన్నది మీరే చెప్పాలి. ఇటలీ వయొలిన్ విద్వాంసుడు పాగనీని, గ్వార్నేరి అనే పనివాడు 1743లో చేసిన తన వయొలిన్‌ని జెనోవా నగరానికి రాసిచ్చాడు, ఇప్పటికీ అప్పుడప్పుడు వాయిస్తారు. ఆక్స్‌ఫర్డ్ ఆష్మోలియన్ మ్యూజియంలో ఉన్న 1716 నాటి "మెస్సయ్య" స్ట్రాడివరి మాత్రం గాజుపెట్టె దాటదు.

సరళి_జంట: కమాన్లు తూచాను. ఒకటి 61 గ్రాములు, రెండోది 52.

బిరడా: మొదటిది సరిగ్గా ఉంది. రెండోదాని పొడవు కొలవండి. పూర్తి సైజైతే 74 సెంటీమీటర్లు దాటుతుంది, అంతకంటే బాగా పొట్టిగా ఉంటే పిల్లల కమాను. పొడవు సరిపోతే పట్టు దగ్గర చుట్టిన తీగ ఊడిపోయిందేమో చూడండి. వెండితీగ ఉండాల్సిన చోట దారం చుట్టి ఉంటే అక్కడే కొన్ని గ్రాములు పోతాయి. ముద్ర ఫొటో పెట్టండి.