నూనె, నీళ్ళ మధ్య గీతని కెమెరా పట్టుకోవట్లేదు, సలహా కావాలి

బరంపురం_బాబు:
అందరికీ నమస్తే. ఒడిశాలో ఛత్రపురం దగ్గర మా మామయ్యకి మొగలిపూల నుంచి సుగంధ నూనె తీసే బట్టీ ఉంది. ఇప్పుడు సీజన్, వానలకి పూలు బాగా దిగుతున్నాయి. ఆవిరి చల్లారాక నీళ్ళతో కలిసి వచ్చే రూహ్‌ని, అంటే మొగలి నూనెని, గాజు సెపరేటర్‌లో నిలబెట్టి కింద నుంచి నీళ్ళు వదులుతాం, వాల్వ్ ఎప్పుడు కట్టాలో చూడటానికి అర్ధరాత్రి కూడా ఒక మనిషి దాని ముందే కూర్చోవాలి, కాస్త ఏమరుపాటుగా ఉంటే నూనె పోతుంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, కెమెరా పెట్టి, బొమ్మల్ని విశ్లేషించే ఓపెన్‌సీవీ లైబ్రరీతో ఎడ్జ్ డిటెక్షన్ (బొమ్మలో అంచులు వెతికే కోడ్) రాశాను. గాజు మీద ట్యూబ్‌లైట్ మెరుపునే గీత అనుకుంటోంది. నీళ్ళు మొదట్లో పాలలా ఉండి తర్వాత తేటపడతాయి, నూనె లేత పసుపు. రెండూ తేటగా ఉంటే ఏమీ దొరకట్లేదు. ఏఐ మోడల్ ట్రెయిన్ చెయ్యాలా?

గంజాం_కెమిస్ట్రీ:
తమ్ముడూ, మోడల్ తర్వాత, ముందు లైటు సంగతి చూడు. ముందు నుంచి వెలుతురు ఆపేసి సెపరేటర్ వెనక ఎల్‌ఈడీ ప్యానెల్, దాని మీద ఏటవాలు నల్ల గీతలున్న కాగితం పెట్టు. నీటి వక్రీభవన గుణకం (వెలుతురుని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.33, మీ నూనెలో ఎక్కువ భాగం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ కాబట్టి దానిది దాదాపు 1.5. గుండ్రటి గాజులోంచి చూస్తే రెండు ద్రవాల్లో గీతలు వేర్వేరుగా వంగుతాయి, సరిగ్గా హద్దు దగ్గర తెగినట్టు కనిపిస్తాయి. రంగు తేడా లేకపోయినా పర్లేదు. కెమెరాలో వెలుతురుని, రంగుని దానంతట అదే సర్దే ఆటో ఎక్స్‌పోజర్, ఆటో వైట్ బ్యాలెన్స్ తప్పకుండా ఆపెయ్యి, లేకపోతే నీళ్ళు తేటపడే కొద్దీ బొమ్మ తనంతట తానే మారిపోతుంది.

ప్లాంట్_ఆపరేటర్:
నేను సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్‌లో పనిచేస్తాను. గీత ఒక్కటే వెతికితే సరిపోదు బాబూ. మధ్యలో నురగలాంటి పొర నిలిచిపోతుంది, మేం రాగ్ లేయర్ అంటాం, అది ఉన్నంతసేపు హద్దు ఒక గీత కాదు, ఒక పట్టీ. అందుకని ఒక్కో అడ్డ వరుసకీ సగటు వెలుతురు తీసి గ్రాఫ్ గియ్యి, పట్టీ పై అంచు, కింద అంచు రెండూ నోట్ చెయ్యి. ఆ పట్టీ సన్నబడటం ఆగాకే నీళ్ళు వదలాలి. మీ నూనె సాంద్రత 0.95 దగ్గర, నీటితో తేడా తక్కువ, చిన్న చుక్కలు పైకి తేలడానికి టైమ్ పడుతుంది. చుక్క సైజు సగమైతే వేగం నాలుగో వంతుకి పడిపోతుంది, తొందరపడితే ఆ చుక్కలన్నీ నీళ్ళతోనే పోతాయి.

బరంపురం_బాబు:
థాంక్స్ అన్నా, థాంక్స్ సార్. త్వరగా విడిపోవాలని ఉప్పు వేస్తే?

గంజాం_కెమిస్ట్రీ:
విడిపోతుంది, కానీ ఆ నీళ్ళు మళ్ళీ బట్టీలో పోసుకుంటారుగా, కేవడా జలంగా (మొగలిపూల నీళ్ళుగా) అమ్ముతారు కూడా. వద్దు.

రాయగడ_ఇన్‌స్ట్రుమెంట్:
ఒక్క మాట. వాల్వ్‌ని అప్పుడే కెమెరాకి అప్పగించకండి. ఈ సీజన్‌కి బజర్ మోగితే చాలు, వాల్వ్ మనిషే కడతాడు. ప్రతి బ్యాచ్ ఫోటోలు దాయండి, ఆయన కట్టిన టైమ్ పక్కన రాసి పెట్టండి. మోడల్ కావాలంటే 2020లో వచ్చిన వెక్టర్ ల్యాబ్‌పిక్స్ అనే డేటాసెట్ ఉంది, ల్యాబ్ గాజు పాత్రల ఫోటోలు రెండు వేల పైచిలుకు, ద్రవాల హద్దులు గుర్తించి ఇచ్చారు. దాని మీద మొదలుపెట్టి మీ ఫోటోలు కలపొచ్చు. కరెంటు పోతే లైటు, కెమెరా రెండూ ఆగుతాయి, చిన్న యూపీఎస్ పెట్టండి.