ఈ వారం సమస్య: "సున్న పోయినంత సున్న మిగిలె"

మాంబళం మావయ్య (పృచ్ఛకుడు):
ఈ సమస్య మొన్న మన చెన్నై టి.నగర్లో ఒక పెళ్ళి భోజనాల దగ్గర తట్టింది. వడ్డించేవాళ్ళు "ముదల్ పంది, ముదల్ పంది" అని పిలుస్తుంటే మా మనవడు నా చొక్కా పట్టుకుని "తాతయ్యా, ఇంకెన్ని పందులొస్తాయి?" అన్నాడు. అరవంలో పంది అంటే మన బంతి. మొదటి బంతికి రమ్మంటున్నారు, అంతే. వాణ్ణి కూర్చోబెట్టాను కానీ, ఆ మాటలోని సున్న నన్ను పాయసం దాకా వదల్లేదు. మనకు సున్న అంటే అంకె, అక్షరం పక్కన ముక్కుతో పలికే అనుస్వారం, ఏమీ లేకపోవడం కూడా. "వాడి చదువు సున్న", "హళ్లికి హళ్లి, సున్నకు సున్న" అంటాం కదా. ఏ అర్థంలోనైనా పూరించండి. ఇచ్చినది ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీవి.

తాంబరం తమ్ముడు:
పంది యనెడు మాట పలకపై వ్రాసి నే
బిందు వొకటి తుడిచి పిదప జూడ
బదిగ మారి నిలిచె బది నంకెలో వ్రాయ
సున్న పోయినంత సున్న మిగిలె

మైలాపూరు మాష్టారు:
భేష్ తమ్ముడూ! అక్షరంలో సున్న పోయి అంకెలోకి వచ్చి కూర్చుంది. పూరణకు వంక లేదు. రాతకే ఉంది. "నిలిచెన్ + పది"లో ప కాస్తా బ అయింది కాబట్టి ముందు అరసున్న ఉండాలి: నిలిచెఁ బది. ఇక్కడ నిండుసున్న పెట్టి "నిలిచెం బది" అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది కానీ ఛందస్సు ఒప్పుకోదు. "చెం" గురువైపోయి, మూడు లఘువులుండాల్సిన సూర్యగణం చెడిపోతుంది. అరసున్న గురువును చెయ్యదు, అదే దాని సుఖం. ఇలాంటి సంధులన్నీ సూత్రాలకెక్కించిన చిన్నయసూరి పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనే, ప్రెసిడెన్సీ కాలేజీలో. ఆయన బాలవ్యాకరణం 1858లో వచ్చింది. ఆ మర్యాదకైనా మనం అరసున్న పెట్టాలి.

తాంబరం తమ్ముడు:
తెలుసు సార్. ఫోన్ కీబోర్డులో అది ఎక్కడుందో దొరకలేదు, టైమైపోతోందని టెన్షన్‌లో పంపేశాను.

వేళచ్చేరి కోడలు:
నాదొక సందేహం. మా పాప ఇక్కడి బళ్ళో అరవం చదువుతోంది. ఆ లిపిలో సున్న లేదు. మనం పంకా, పంచె, పంట, పంది, పంపు అని ఐదింటికీ ఒకే గుండ్రం చుడతాం. అవే మాటలు వాళ్ళ లిపిలో రాయాలంటే ఙ, ఞ, ణ, న, మ లకు పుళ్ళి (పైన చుక్క) పెట్టి ఐదు వేరువేరు అక్షరాలు కావాలి. మా పాపకు తెలుగు రాయిస్తే "అన్నిటికీ ఇదేనా, ఇదేం మోసం?" అంటుంది. అలాంటప్పుడు తమ్ముడు తుడిచింది సున్ననా, "న"నా?

మైలాపూరు మాష్టారు:
తుడిచింది గుర్తు, పోయింది పలుకు. మంచి ప్రశ్నమ్మా. పక్కన ఏ వర్గం అక్షరముంటే సున్న ఆ వర్గం ముక్కుపలుకు పలుకుతుంది. పేరేమో సున్న, పనిమాత్రం ఐదుగురిది. అన్నట్టు, అంకె సున్నను ఇక్కడివాళ్ళు పూజ్యం అంటారు. మనం "ఫలితం పూజ్యం" అని వెటకారానికి వాడతాం!

పెరంబూరు అక్కయ్య:
చెన్నపట్టణమున సిగ్నలు దాఁటుచో
తాండ టంచు నరచెఁ దమిళుఁ డొకఁడు;
దాఁటు మంటి నేను, తరతరంబుల నుడి
సున్న పోయినంత సున్న మిగిలె

మాంబళం మావయ్య:
నాకు ఈ వారం బాగా నచ్చినది ఇదే. ఆటో ఎక్కినప్పుడల్లా "సిగ్నల్ తాండి ఆపప్పా" అంటూనే ఉంటాం, అందులో మన "దాఁటి" ఉందని తట్టదు. అరవంలో "తాండు"కు ముక్కుపలుకు నిండుగా ఉంది, మనకు దీర్ఘం పక్కన అరసున్నగా సన్నబడింది, ఇప్పుడు రాతలో అదీ లేదు. వాళ్ళ "తూంగు", మన "తూఁగు" కూడా అంతే. వాళ్ళు నిద్రపోతారు, మనం ఊగుతాం.

తాంబరం తమ్ముడు:
అక్కా, మిగిలింది అరసున్న కదా, సమస్యలో సున్న అని ఉంది. చెల్లుతుందా?

పెరంబూరు అక్కయ్య:
సున్నలో సగం ఎంతరా?

మైలాపూరు మాష్టారు:
చెల్లింది! కానీ అక్కయ్యగారూ, మూడో పాదంలో "నుడి" గాల్లో వేలాడుతోంది, విభక్తి కావాలి. "తరతరాల నుడిని" అనండి, గణాలు కూడా సరిపోతాయి.

అడయారు అల్లుడు:
జీత మందినంత చేతిలో నిలువదు
అద్దె పాలు బిల్లు లన్ని పోయె
వంద రూపాయలుంటే వడ్డికి పోయింది
సున్న పోయినంత సున్న మిగిలె

మైలాపూరు మాష్టారు:
బాధ నిజం, మూడో పాదం తప్పు. "రూపా" రెండు గురువులు, సూర్యగణం కాదు. ఇలా మార్చుకోండి: "వంద నోటు తీసి వడ్డికిఁ జెల్లించ". యతి కూడా కుదిరింది.

అడయారు అల్లుడు:
మార్చుకున్నాను మాష్టారూ. పద్యంలో కుదిరింది, నెలాఖరుకు కుదిరేలా లేదు.