నాయనకు పీఎస్‌ఏ 7.8 వచ్చింది, క్యాన్సరేనా?

అనంతపురం నుంచి:
మా నాయనకు 66 ఏళ్లు. రాత్రిళ్లు మూత్రానికి పదేపదే లేస్తున్నాడని రక్తపరీక్ష చేయిస్తే పీఎస్‌ఏ 7.8 వచ్చింది, పక్కన 4 లోపు ఉండాలని రాసుంది. మా చిన్నాయనేమో వెంటనే బయాప్సీ చేయించమంటున్నాడు, ఇంట్లో అందరికీ టెన్షన్. అన్నట్టు పోయిన నెలలో మూత్రం బిగదీసుకుపోతే పైపు వేశారు, ఇన్‌ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ కూడా వాడినాడు.

కర్నూలు, ల్యాబ్ టెక్నీషియన్:
అన్నా, చివర్లో అన్నట్టు అని చెప్పారే, అసలు సంగతి అదే. పీఎస్‌ఏ అనేది మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి మామూలుగానే తయారుచేసే ప్రోటీన్. గ్రంథి వాచినా, వయసుతో పెరిగినా, పైపు వేసి కదిలించినా రక్తంలోకి ఎక్కువగా వస్తుంది. క్యాన్సర్‌లోనూ పెరుగుతుంది, అందుకే ఒక్క అంకె చూసి ఇదీ అని చెప్పలేం. ఇన్‌ఫెక్షన్ తగ్గాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించండి. ముందు రెండు రోజులు కలయిక, సైకిల్ తొక్కడం వద్దు. అప్పుడూ 4కూ 10కీ మధ్యే ఉంటే ఫ్రీ పీఎస్‌ఏ శాతం (మొత్తం పీఎస్‌ఏలో వేరే ప్రోటీన్లకు అంటుకోకుండా విడిగా తిరిగేది ఎంత అని) అడగండి: 25 దాటితే అనుమానం తక్కువ, 10 లోపయితే ఎక్కువ. కానీ యూరాలజిస్టు దగ్గరికి మాత్రం ఇప్పుడే పోండి. ఆయన మలద్వారం గుండా వేలితో చూసినప్పుడు గడ్డ గట్టిగా తగిలితే ఇలా వారాల తరబడి ఆగడం ఉండదు. బయాప్సీకి ముందు ఎమ్మారై తీయించడం కూడా ఇప్పుడు మామూలే.

ప్రొద్దుటూరు నుంచి:
మాత్రలేమైనా వాడుతున్నాడా? ప్రోస్టేట్‌ను కుదించే డ్యూటాస్టెరైడ్, ఫినాస్టెరైడ్ లాంటివి ఆరు నెలలు వాడితే పీఎస్‌ఏ దాదాపు సగానికి పడిపోతుంది. మా మామకు 3.5 వస్తే సంబరపడ్డాం, డాక్టరేమో దాన్ని 7గా లెక్కేసుకోమన్నాడు.

కడప నుంచి:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. మా పెదనాయనకు క్యాన్సర్ అని ప్రోస్టేట్ మొత్తం తీసేశారు. ఇప్పుడు 0.3 వచ్చింది. 4 లోపే కదా, పర్వాలేదా?

కర్నూలు, ల్యాబ్ టెక్నీషియన్:
ఆయనకు ఆ 4 లెక్క వర్తించదు. గ్రంథే లేనప్పుడు పీఎస్‌ఏ కూడా దాదాపు కనిపించకూడదు. ఆపరేషన్ తర్వాత రెండుసార్లు 0.2 గానీ అంతకు మించి గానీ వస్తే జబ్బు తిరిగి వచ్చినట్టు చూస్తారు. రేడియేషన్ మాత్రమే ఇచ్చినవాళ్లకైతే లెక్క వేరు, ఆ తర్వాత వచ్చిన అతి తక్కువ అంకె కన్నా 2 పెరిగితే జబ్బు తిరిగి వచ్చినట్టు చూస్తారు. పాత రిపోర్టులన్నీ తేదీల ప్రకారం పెట్టుకుని ఈ వారంలోనే డాక్టర్‌కు చూపించండి, ఎంత త్వరగా పెరుగుతోందన్నది ముఖ్యం.

అనంతపురం నుంచి:
మాత్రల చీటీ చూశాను, మూత్రం సాఫీగా రావడానికి ఇచ్చే ట్యామ్‌సులోసిన్ ఒక్కటే ఉంది. సోమవారం యూరాలజిస్టు దగ్గరికి పోతున్నాం. ఈ పరీక్షకు పరగడుపున పోవాలా?

కర్నూలు, ల్యాబ్ టెక్నీషియన్:
అక్కర్లేదు, టిఫిన్ చేసి పోవచ్చు. ట్యామ్‌సులోసిన్‌తో పీఎస్‌ఏ తగ్గదు కాబట్టి ఆ 7.8ను రెట్టింపు చేయాల్సిన పని లేదు.